మేం లేటుగా బయల్దేరలేదు

సంపాదకులకు నమస్కారం.

మీ పేపరు ముప్పై ఏళ్ల పైనుంచి చదువుతున్నా. ముందు జిల్లా పేజీలు చూసి ఆ తర్వాతే మిగతావి తిరగేస్తా, అలవాటు అట్లా పడింది. అందులో ఎక్కడైనా అగ్నిప్రమాదం వార్త ఉంటే చివర్లో ఒక వాక్యం దాదాపు ఎప్పుడూ కనబడుతుంది: "ఫైరింజన్ వచ్చేలోపే అంతా కాలి బూడిదైంది." మీ ఒక్క పేపరే కాదు, అన్ని పేపర్లూ, టీవీ వాళ్లూ, ఇప్పుడు ఫోన్లలో వీడియోలు పెట్టేవాళ్లూ అదే రాస్తారు. ఆ వాక్యం గురించే ఈ ఉత్తరం.

నేను ఫైర్ సర్వీసులో డ్రైవర్ ఆపరేటర్‌గా చేసి రిటైర్ అయ్యాను. ఎక్కువ కాలం నెల్లూరులోనే, మధ్యలో కొన్నేళ్లు కావలి వైపు. డ్రైవర్ ఆపరేటర్ అంటే బండి తోలేదీ మేమే, అక్కడికి పోయాక పంపు నడిపేదీ మేమే. హోస్, అంటే నీళ్ల గొట్టం, పట్టుకుని మంట దగ్గరికి పోయేది ఫైర్‌మ్యాన్లు, వాళ్లను నడిపించేది లీడింగ్ ఫైర్‌మ్యాన్. నేను బండి దగ్గరే ఉంటా, ప్రెషర్ గేజి చూసుకుంటూ. అందుకే "ఇప్పుడా వచ్చేది?" అనే మాట అందరికంటే ముందు తగిలేది డ్రైవరుకే. స్టీరింగు దగ్గర కూర్చున్నవాడే కదా జనానికి ముందు కనబడేది. తిట్లు తిన్నాను, ఒకసారి అద్దం మీద రాయి కూడా పడింది. ఆ మాట నిజమైతే పడాల్సిందే. చాలాసార్లు అది నిజం కాదు. నిమిషాలు ఎక్కడ పోయాయో నాకు తెలుసు, వాటిని ఆ సీట్లో కూర్చుని లెక్కపెట్టుకున్నవాణ్ణి నేనే.

మా వైపు లోపాలే లేవని అనను. మనుషులు చాలని రోజులున్నాయి, పాత బండి మొరాయించిన రోజులున్నాయి. అయినా బెల్లు కొట్టాక గేటు దాటడానికి మాకు నిమిషం పట్టేది, రాత్రిపూట నిద్రలోంచి లేచినా అంతకంటే పెద్ద తేడా ఉండేది కాదు. బూట్లు, కోటు, హెల్మెట్ ఎక్కడ పెట్టాలో, ఎట్లా పెడితే చీకట్లో కాలు నేరుగా బూటులోకి పోతుందో అది కూడా మాకు నేర్పుతారు. అన్నం కలుపుకున్న చెయ్యి కడుక్కోకుండా బండెక్కిన మనుషులు నా పక్కన కూర్చున్నారు. పండగ పూట పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని ఫోన్లో మాట్లాడుతూ, బెల్లు వినగానే "మళ్లీ చేస్తా" అని కూడా అనకుండా లేచి పరుగెత్తిన మనుషులు. వాళ్లను లేటుగా వచ్చారంటే నాకు కడుపు మండుతుంది, దాచుకోను.

ఒక రాత్రి సంగతి చెప్తా. వీధి పేరు చెప్పను, ఆ కుటుంబం ఇప్పటికీ అక్కడే వ్యాపారం చేసుకుంటోంది. నెల్లూరు బజారులో ఒక సందు అనుకోండి. చిన్నబజారు, ఆచారి వీధి చుట్టుపక్కల తిరిగినవాళ్లకు ఆ సందులు ఎట్లా ఉంటాయో నేను చెప్పక్కర్లేదు. కింద బట్టల కొట్టు, పైన గోడౌను, ఆ పైన ఇల్లు. రాత్రి పదిన్నరకు షట్టరు కింద నుంచి పొగ వస్తోందని ఎదురింటాయన చూశాడు. చూసి ఏం చేశాడు? ఓనరుకు ఫోన్ చేశాడు. తప్పు అనను, మంచి మనసుతోనే చేశాడు. ఓనరు వేదాయపాళెంలో ఉంటాడు, తాళాలు తమ్ముడి దగ్గర. తమ్ముడు పెళ్లి రిసెప్షన్‌లో. ఆయన వచ్చి షట్టరు ఎత్తేసరికి ఇరవై నిమిషాలు. షట్టరు మూసి ఉన్నంతసేపు లోపల గాలి చాలక మంట అణిగి ఉంది, పొగ మాత్రమే ఉంది. ఎత్తగానే గాలి దొరికింది. భుస్సుమని బయటికి వచ్చింది మంట, ఆయన కనుబొమ్మలు కాలిపోయాయి. అప్పుడు, సరిగ్గా అప్పుడు, ఎవరో మాకు ఫోన్ చేశారు.

మూసి ఉన్న కొట్టులోంచి పొగ వస్తుంటే తాళం తీయొద్దు, షట్టరు ఎత్తొద్దు. షట్టరు మీద చెయ్యి పెడితే కాలుతున్నట్టుంటే అసలు దాని ముందు నిలబడొద్దు. మేం కూడా నీళ్లు సిద్ధం చేసుకున్నాకే, పక్కకు నిలబడి, కొంచెం కొంచెంగా తీస్తాం.

సరే, మేం బయల్దేరాం. స్టేషన్ నుంచి ఆ సందు మొదటికి రెండు కిలోమీటర్లు కూడా లేదు. ఆ టైంలో ట్రంకు రోడ్డు ఖాళీగానే ఉంది, తొందరగానే చేరాం. సందు మొదట్లో ఆగిపోయాం. ఒక పక్క వరసగా బైకులు, ఇంకో పక్క ఒక టాటా ఏస్, దానికి ఎదురుగా కొట్టు ముందు రోడ్డు మీదికి దించిన రేకుల పందిరి. మా బండి ఎనిమిది అడుగుల వెడల్పు. నీళ్లే నాలుగున్నర వేల లీటర్లు, అంటే నాలుగున్నర టన్నులు నీళ్ల బరువే. కారు మాదిరి ముందుకీ వెనక్కీ ఆడించి దూర్చలేం. మలుపులో ట్యాంకులో నీళ్లు ఒక పక్కకు ఒరిగితే బండి కూడా ఒరుగుతుంది. ఆ టాటా ఏస్ ఎవరిదో ఎవరికీ తెలియదు, హ్యాండ్ బ్రేక్ వేసి తాళం తీసుకుపోయాడు. సైరన్ మోగుతూనే ఉంది. సందులో రెండొందల మీటర్ల అవతల మంట ఆకాశంలోకి కనబడుతోంది, నేను స్టీరింగు పట్టుకుని కూర్చున్నా. నా సర్వీసులో అంత టెన్షన్ ఎప్పుడూ పడలేదు.

లీడింగ్ ఫైర్‌మ్యాన్ దిగి "ఇక్కడి నుంచే హోస్ పరచండి" అన్నాడు. ఇక్కడ ఒక లెక్క చెప్పాలి, ఇది ఎవరూ రాయరు. మా హోస్‌లు 63 మిల్లీమీటర్లవి. ఒక్కో ముక్క 15 మీటర్లు అనుకుంటే, నీళ్లు నిండాక ఆ ముక్కలోనే 45 లీటర్ల పైన ఉంటాయి. రెండొందల మీటర్లు పరిస్తే ఆరొందల లీటర్లు హోస్ నిండటానికే పోతాయి, మంట మీద ఒక్క చుక్క పడకముందే. దూరం పెరిగేకొద్దీ ప్రెషర్ కూడా పడిపోతుంది, నేను పంపు ఎంత పెంచినా చివర్లో ఉన్నవాడికి తగ్గే వస్తుంది. ఇక నాజిల్‌ను బట్టి ఒక బ్రాంచ్ పైపు, అంటే హోస్ చివర నీళ్లు చిమ్మే పైపు, నిమిషానికి మూడొందల నుంచి అయిదొందల లీటర్ల దాకా వదులుతుంది. రెండు లైన్లు పెడితే ట్యాంకు మొత్తం అయిదారు నిమిషాలు వస్తే గొప్ప. అప్పుడు జనం ఏమన్నారో తెలుసా? "నీళ్లు లేకుండా వచ్చారు." ట్యాంకు నిండా నీళ్లతో వచ్చాం సార్. బండి కొట్టు ముందు నిలబడి ఉంటే ఆ నీళ్లతో మంట గోడౌను దాకా పోకుండా ఆపేవాళ్లం, ఈ మాట ఊరికే అనడం లేదు.

ఆ లోపల ఇంకో అయిదు నిమిషాలు కరెంటుకు పోయాయి. స్తంభం మీద లైను ఆగిందని తేలేదాకా దానికి తగిలేటట్టు నీళ్లు కొట్టలేం, కొడితే షాక్ నీళ్ల వెంట వెనక్కి వచ్చేది హోస్ పట్టుకున్నవాడికే. సందులో అంతమంది ఉన్నారు, అందరి చేతుల్లో ఫోన్లు ఉన్నాయి, కరెంటు ఆఫీసుకు చెయ్యాలని ఒక్కరికీ తోచలేదు.

పై ఇంట్లో ఉన్నవాళ్లను వెనక డాబా మీదుగా పక్కింటి పిల్లలు ముందే దించేశారు, ఆ మేలు మరచిపోలేను. మనుషులకు ఏమీ కాలేదు. కొట్టు, గోడౌను పోయాయి. తెల్లారుజామున హోస్‌లు చుట్టుకుంటుంటే ఆ ఇంటి పెద్దావిడ అరుగు మీద కూర్చుని నా వైపు చూసి, "ముందే వచ్చుంటే ఎంత బాగుండేది నాయనా" అంది. కోపంగా కూడా అనలేదు. ఏం చెప్పను ఆమెకు? మీ మరిది షట్టరు ఎత్తడం, మీ వీధిలో ఎవరో బండి అడ్డం పెట్టడం, ఇవన్నీ ఆ పొద్దు చెప్పగలమా? "అవునమ్మా" అని తల వంచుకుని బండెక్కా. మర్నాడు పేపర్లో మీరు రాసే వాక్యమే వచ్చింది.

దీనికి ఎదురు ఇంకో సంగతి. రోహిణీ కార్తె, మిట్టమధ్యాహ్నం. ఇందుకూరుపేట వైపు ఒక పల్లె, మా స్టేషన్‌కు 15 కిలోమీటర్లు. తాటాకు ఇళ్లు వరసగా ఏడు, పక్కనే గడ్డివాములు, వడగాలి. ఇట్లాంటి కాల్ వస్తే మాకు లోపల ముందే తెలిసిపోతుంది, పోయేసరికి ఏడూ ఉండవని. పోయాం. మొదటి ఇల్లు నేలమట్టం, రెండోది సగం, మిగతా అయిదూ అట్లాగే నిలబడి ఉన్నాయి. గడ్డివాములు కూడా.

ఎట్లా అంటే, మంట కనబడగానే ఒక పిల్లోడు 101కి ఫోన్ చేశాడు. ఊరి పేరు, ఏ రోడ్డులో రావాలి, ఏ కాలువ వంతెన దాటి ఎటు తిరగాలి, ఏం కాలుతోంది, లోపల మనుషులు లేరు, ఇది నా నంబరు, నేను మెయిన్ రోడ్డు మలుపులో నిలబడి ఉంటా అని అన్నీ చెప్పాడు. చెప్పినట్టే ఎర్ర తువ్వాలు ఊపుతూ నిలబడ్డాడు. ఇంకొకడు సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసి లైను ఆపించాడు. ఆడవాళ్లు పక్క ఇళ్లలోని గ్యాస్ సిలిండర్లు ముందుగానే తీసి దూరంగా పొలం గట్టు మీద పెట్టారు. మగవాళ్లు కొంకికర్రలతో మూడో ఇంటి తాటాకు లాగి పడేశారు, మంటకు అందకుండా. నాలుగో ఇంటి కప్పు మీద తడిపిన గోనెసంచులు పరిచారు. ట్రాక్టర్లు, ఎడ్లబండ్లు దారిలోంచి తీసేశారు, మేం నేరుగా ఇంటి ముందుకు పోయి ఆగాం. మాకు పని పావుగంట. తిరిగి వస్తుంటే ఒక ముసలాయన మజ్జిగ ముంత తెచ్చి కిటికీలోంచి ఇచ్చాడు.

15 కిలోమీటర్ల పల్లెకు మేం టైముకు చేరాం. రెండు కిలోమీటర్లు లేని సందుకు చేరలేకపోయాం. బండి అదే, తోలింది నేనే.

ఆ పిల్లోడు ఫోన్లో చెప్పినట్టు చెప్పేవాళ్లు తక్కువ. కంగారులో "సార్ తొందరగా రండి, మంటలు, మంటలు" అని కట్ చేసేస్తారు. మళ్లీ చేస్తే ఎంగేజ్. "రామాలయం వీధి" అంటారు, నెల్లూరులో రామాలయం వీధులు ఎన్ని? కాలనీల పేర్లూ అంతే, ఒకే నాయకుడి పేరుతో రెండు మూడు. ఏ సెంటరు దగ్గర, ఏ స్కూలు వెనక, రైలు కట్టకు ఇటు పక్కా అటు పక్కా, ఇది చెప్పండి చాలు. నెల్లూరులో రైలు కట్టకు ఎటు పక్క అన్నది చాలా పెద్ద విషయం. వాన పడిన రాత్రి ఆత్మకూరు బస్టాండు అండర్ బ్రిడ్జిలోనో, రామలింగాపురం అండర్ బ్రిడ్జిలోనో నీళ్లు నిలిస్తే మేం చుట్టూ తిరిగి రావాలి, ముందే తెలిస్తే ముందే ఆ దారి పట్టుకుంటాం.

మంటకు మన కంగారుతో, మన బేరాలతో పని లేదు. 2012 జూలై 30 తెల్లవారుజామున తమిళనాడు ఎక్స్‌ప్రెస్ ఎస్-11 బోగీ మన నెల్లూరులోనే కాలిపోయింది, నిద్రలో ఉన్న 30 మందికి పైగా చనిపోయారు. నేనప్పుడు వేరే స్టేషన్లో ఉన్నా, అక్కడికి పోయిన మా వాళ్లు తర్వాత చాలా రోజులు సరిగ్గా అన్నం తినలేదు. అట్లాంటివి చూశాక అర్థమవుతుంది, మనిషికి మిగిలే టైము ఎంత తక్కువో. చాలా ప్రమాదాల్లో మంట మనిషిని తాకకముందే పొగ చంపేస్తుంది. అందుకే పొగలో నిలబడి పరుగెత్తకుండా నేలకు ఆనుకుని పాకుతూ రమ్మని చెప్తాం, కింద కొంచెం గాలి మిగిలి ఉంటుంది. బయటికి వచ్చాక నగల కోసమో, పొలం కాగితాల కోసమో మళ్లీ లోపలికి పోవద్దు. పోయినవాళ్లను మోసుకొచ్చిన చేతులు మావి. ఆ కాగితాలు మళ్లీ తెచ్చుకోవచ్చమ్మా, తిరగాల్సి వస్తుంది, ఖర్చవుతుంది, కానీ తెచ్చుకోవచ్చు.

ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 దాకా ఫైర్ సర్వీసు వారోత్సవాలు చేస్తాం. 1944 ఏప్రిల్ 14న బొంబాయి డాక్‌లో పేలుడు పదార్థాలతో ఉన్న ఓడ అంటుకుంటే ఆర్పడానికి పోయిన 66 మంది ఫైర్‌మ్యాన్లు చనిపోయారు, వాళ్ల పేరున మౌనంగా నిలబడి, ఆ వారమంతా స్కూళ్లకూ, బస్టాండ్లకూ, గ్యాస్ గోడౌన్లకూ పోయి డెమోలు ఇస్తాం. సిలిండరుకు మంట పెట్టి తడి గోనెసంచితో ఆర్పి చూపిస్తే పిల్లలు నోరు తెరుచుకుని చూస్తారు, ఇంటికి పోయి అమ్మకు చెప్తారు కూడా. పెద్దవాళ్లకు కరపత్రం ఇస్తే మడిచి జేబులో పెట్టుకుంటారు. పెద్దవాళ్ల మీద నాకు కోపం లేదు, ఎవరి పని వాళ్లది, కానీ ఆ కరపత్రంలో ఉన్న నాలుగు మాటలూ వాళ్లకే ఎక్కువ అవసరం. సందు మొదట్లో బండి పెట్టేది పిల్లలు కాదు కదా.

దారి ఇవ్వకపోతే శిక్ష కూడా ఉంది. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని మార్చినప్పుడు 194ఈ అని ఒక సెక్షన్ పెట్టారు. ఫైరింజనుకో అంబులెన్సుకో దారి వదలకపోతే 10,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. చాలామందికి ఇది తెలియదు. నా సర్వీసులో మాత్రం జరిమానాకు భయపడి పక్కకు తప్పుకున్నవాడు నాకు కనబడలేదు, మనసుండి తప్పుకున్నవాళ్లు చాలామంది కనబడ్డారు. వీఆర్సీ సెంటర్లో ఒక ఆటో అబ్బాయి సైరన్ వినగానే తన ఆటో పక్కకు తోసి, దిగి రోడ్డు మధ్యలో నిలబడి మిగతా బండ్లన్నీ ఆపేవాడు. నేను ఎక్కడ చూసినా చెయ్యి ఎత్తేవాణ్ణి. ఆయన పేరు కూడా నాకు తెలియదు.

ఇక వీడియోలు. తీసుకోండి, కాదనడం లేదు, తీయొద్దంటే మానేవాళ్లు లేరు. ముందు 101 నొక్కి, ఆ మాట పూర్తయ్యాక తీయండి. "ఎవరో ఒకరు చేసే ఉంటారులే" అని అందరూ అనుకోవడం వల్ల ఎవరూ చేయని కాల్స్ నేను చూశాను. పదిమంది చేసినా మాకు ఇబ్బంది లేదు, డబ్బులు పడవు, మేం వచ్చినందుకు కూడా ఎవరినీ ఏమీ అడగం. 112కి చేసినా సరే. మంట చిన్నదే, మనమే ఆర్పేసుకున్నాం అంటారా, అయినా చెయ్యండి. ముఖ్యంగా దూదిపరుపులు, గడ్డి, పత్తి, ఇప్పుడొచ్చే ఎలక్ట్రిక్ స్కూటర్ల బ్యాటరీలు, ఇవి పైకి ఆరినట్టు కనబడి గంటల తర్వాత మళ్లీ అంటుకుంటాయి. మేం వచ్చి ఆరిపోయిందని చూసి వెనక్కి పోతే అంతకంటే సంతోషం మాకు ఏముంది. "ఊరికే పిలిచారు" అని ఒక్క ఫైర్‌మ్యాన్ విసుక్కోవడం నేను వినలేదు.

అయ్యా, మీ దగ్గర నేను కోరేది ఒక్కటే. అగ్నిప్రమాదం వార్త రాసేటప్పుడు మీ విలేకరులు ఎట్లాగూ ఫైర్ స్టేషన్‌కు ఫోన్ చేస్తారు, నష్టం ఎంత అని అడుగుతారు. దాంతోపాటు ఇంకో మూడు అడగమనండి: మంట మొదట ఎన్ని గంటలకు కనబడింది, 101కి ఫోన్ ఎన్ని గంటలకు వచ్చింది, బండి ఇంటి ముందుకు పోగలిగిందా లేక ఎక్కడ ఆగింది. మొదటిది ఆ వీధివాళ్లు చెప్తారు, రెండోది స్టేషన్ రిజిస్టరులో రాసి ఉంటుంది, మూడోది డ్రైవరును అడిగితే చెప్తాడు. ఆ మూడూ రాసి, తర్వాత "ఫైరింజన్ వచ్చేలోపే కాలిపోయింది" అనే వాక్యం కూడా రాయండి, నాకేమీ అభ్యంతరం లేదు. చదివినవాళ్లకు ఎక్కడ ఆలస్యమైందో తెలుస్తుంది. ఆలస్యం మాదే అయితే అదీ తెలుస్తుంది, అదీ తెలియాల్సిందే.

వీలైతే ఎండాకాలం మొదలయ్యే ముందు ఒకసారి, ఫోన్లో ఏమేం చెప్పాలో ఆ పల్లె పిల్లోడు చెప్పిన వరసలోనే జిల్లా పేజీలో ఒక చిన్న డబ్బా కట్టి వేయండి. మా వీధి టీ కొట్టాయన అది కత్తిరించి గల్లాపెట్టె పక్కన అంటిస్తానని నాకు మాటిచ్చాడు.

ఇట్లు,
రిటైర్డ్ డ్రైవర్ ఆపరేటర్,
నెల్లూరు